వెనక్కి చూడకుండా ఒక్క చుట్టు

సోమవారం, ఉదయం ఆరు గంటలు. మచిలీపట్నం.

నిన్న గుడివాడలో ఒక మాట విన్నాను. అది బంధువులందరికీ పాకక ముందే మీ అందరికీ ఇది రాయాలని కూర్చున్నాను.

మా వియ్యపురాలు భ్రమరాంబగారు ఇక లేరు.

నిన్న ఉదయం ఐదూ నలభైకి మా అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, అమ్మ లేవట్లేదండీ" అన్నాడు. నేను నమ్మలేదు. ఆ ఫోన్ పెట్టేసి నేరుగా ఆవిడ నంబరుకే చేశాను. మూడో రింగుకి ఎత్తడం ఆవిడ అలవాటు.

మూడు. నాలుగు. ఐదు.

మళ్లీ అల్లుడే ఎత్తాడు.

ఆవిడ ఉద్యోగమంతా దివిసీమలోనే. నర్సు. ఊరూరికీ సైకిల్ మీదే తిరిగేవారు. ఒకసారి వెనక నుంచి లారీ ఒరుసుకుపోతే సైకిల్‌తో సహా పంటకాలువలో పడ్డారు. అప్పటి నుంచి తొక్కుతున్నంతసేపూ మెడ వెనక్కి తిరుగుతూనే ఉండేది.

రిటైరయ్యాక ఊరుకోకుండా నన్నూ లాగారు.

మూడేళ్లుగా శనివారాలు నేను ఇటు నుంచి, ఆవిడ గుడివాడ నుంచి బస్సెక్కి అవనిగడ్డ చేరేవాళ్లం. సైకిళ్లు అక్కడ ఆవిడ తమ్ముడింట్లో ఉంటాయి. కృష్ణ కరకట్ట మీది గ్రావెల్ రోడ్డే మా దారి. ముందు ఆవిడ, వెనక నేను. ఏదైనా వస్తుంటే "బండీ!" అని అరవడం నా డ్యూటీ.

ఎన్ని కిలోమీటర్లు, గాలి ఎటు, ఎన్ని బండ్లు వచ్చాయి, అన్నీ నోట్‌బుక్‌లో రాసేదాన్ని.

ఒక్క బండీ రాని శనివారం అందులో ఒక్కటీ లేదు.

ఈమధ్య మా మనవరాలు ఒక ఫోటో పంపింది. కొండల మధ్య సరస్సు. దాని చుట్టూ గ్రావెల్ రోడ్డు. బండ్లకు ప్రవేశం లేదు, సైకిళ్లు మాత్రమే వెళ్లవచ్చు అని కింద రాసి ఉంది.

భ్రమరాంబగారు ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి రోడ్డు చివరిదాకా చూశారు.

"వెనక ఏం వస్తోందోనని చూసుకోకుండా ఒక్క చుట్టు తొక్కాలి వదినగారూ. అంతే" అన్నారు.

నాకు అనుమానం. రోడ్డంటూ వేశాక బండి రాకుండా ఉంటుందా? ఆవిడ ఎదుటే స్పీకర్ పెట్టి అక్కడి గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేశాను.

"మీ రోడ్డు మీద బండ్లు రావా?"

"రావండీ."

"పాల వ్యాను?"

"రాదండీ."

"మరి మీకు పాలు ఎలా వస్తాయి?"

గెస్ట్‌హౌస్ ఆయన, "గేటు దగ్గర దింపితే మోసుకొస్తామండీ" అన్నాడు.

"మీరు పోలీసు శాఖలో ఉండాల్సిందండీ వదినగారూ" అని ఆవిడ ఒకటే నవ్వు. ఆ రోజే వచ్చే నెలకి ఇద్దరికీ గది బుక్ చేయించారు.

కొండదారి అంటే ఎత్తు ఎక్కాలి. మా డెల్టాలో ఎత్తు ఎక్కడుంది? కరకట్ట మీదకి ఎక్కే ర్యాంపు ఒక్కటే. దాన్నే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వెళ్లినప్పుడల్లా ఆరుసార్లు.

గేదెలు తోలుకెళ్లే ఒకావిడ రెండు వారాలు మమ్మల్ని చూసింది. మూడో వారం ఆగిపోయి, "ఏం పారేసుకున్నారండీ మేడంగారూ? చెప్తే నేనూ వెతుకుతాను గదా" అంది.

"కొండ పోయిందమ్మా. కనబడితే చెప్పు" అన్నారు భ్రమరాంబగారు, రొప్పుతూ.

రొప్పుతూ అని కావాలనే రాశాను.

ఆవిడ గుండెకి మందులు వాడుతున్నారు. డాక్టరుగారు "చదునుగా ఉన్నచోట మెల్లగా తొక్కండి" అన్నారు. ర్యాంపు సంగతి మేమిద్దరం ఆయనకు చెప్పలేదు.

నిన్న ఆ ఇంట్లో ఆవిడ తోడికోడలు అందరికీ వినబడేలా, "ఆ సైకిలే చంపేసిందమ్మా. ఈ వయసులో కొండలెక్కుతానంటే గుండె ఊరుకుంటుందా?" అన్నారు. హాల్లో అందరూ తలలూపారు.

అల్లుడు నా పక్కన కూర్చుని మెల్లగా, "ఆ లేక్ మాట ఇంక వదిలేద్దామండీ అత్తయ్యగారూ. సైకిళ్లు రెండూ ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నాడు.

మూడేళ్లలో ఒక్కసారీ ఆవిడ ఆరోగ్యం అడగనివారికి ఒక్క పూటలో కారణం ఎలా తెలిసింది? ఆ మాట మీద నాకు అనుమానం.

నా మీద నాకు అంతకంటే ఎక్కువ అనుమానం.

అందుకే డాక్టరుగారు వచ్చినప్పుడు నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టి ర్యాంపు సంగతి చెప్పేశాను. ఆయన పేజీలు తిప్పారు.

"చివరిసారి ఎక్కింది ఎప్పుడండీ?"

"ఎనిమిది రోజులైంది. నిన్న శనివారం వాన, కట్టంతా బురద. వెళ్లలేదు."

"నిద్రలో ఆగిన గుండె అండీ ఇది. దీనికీ దానికీ ముడిపెట్టలేను. నాకు ముందే చెప్పాల్సింది, అది వేరే మాట."

ఓదార్పుకి అన్నారేమోనని గేటు దాకా వెళ్లి మళ్లీ అడిగాను. అదే మాట అన్నారు.

ఆ వేరే మాటలోని తప్పు మాత్రం నాదే. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

ఇక జరగవలసినవి:

1. సైకిళ్లు రెండూ అవనిగడ్డలోనే ఉండాలి. అల్లుడుగారూ, ఎవరికీ మాటివ్వకండి.

2. సైకిలే చంపిందన్నవారు పెద్దకర్మ నాడు అదే హాల్లో, అంతే గట్టిగా, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నేను అక్కడే కూర్చుని ఉంటాను.

3. గెస్ట్‌హౌస్ గది రద్దు చేయకూడదు. నేను వెళ్తాను, ఆవిడ సైకిల్‌తో. ఆ దారిలో పాల వ్యాను కనబడిందో, ఆ గెస్ట్‌హౌస్ ఆయన నాకు జవాబు చెప్పుకోవాలి.

4. వదినగారూ, వెనక్కి చూడకుండా తొక్కుతానని మాటివ్వలేను. ప్రయత్నిస్తాను. మీరు మాత్రం ఇక మెడ తిప్పక్కర్లేదు. మీ వెనక ఏదీ రాదు. నిదానంగా, హాయిగా వెళ్లండి.