లింకు నొక్కనందుకు పోయిన బిర్యానీ

నిన్న మా హాస్టల్ల అందరు బిర్యానీ తిన్నరు. నేనొక్కదాన్నే రూంల కూసోని పెరుగన్నం తిన్న. జ్వరం లేదు, ఉపవాసం లేదు. మరి ఎందుకంటరా? చెప్త వినుండ్రి. జర పొడుగు ముచ్చట, చాయ్ మాత్రం చల్లారనీయకుండ్రి.

మీకు తెల్సు గదా, నేను హైదరాబాద్‌ల అశోక్‌నగర్‌కు వచ్చింది సర్కారు కొలువు కోసం గ్రూప్స్ చదువుదామని. మూడేండ్లు చదివిన. ఒక పరీక్షయితే మంచిగనే రాసిన. దాని రిజల్ట్ రెండేండ్ల సంది ఇయ్యాల వస్తది, రేపొస్తది అనుడే. ఆఖరికి మా బాపు ఫోన్ చేసి, "బిడ్డా, ఈ ఎండకాలం లోపట ఏదన్న కొలువు దొరికితె సరే. లేకుంటె ఇంటికొచ్చెయ్" అన్నడు. కోపంగ అంటె నేను గూడ నాలుగు మాటలు అనేదాన్ని. మెల్లగ అన్నడు. గందుకే భయమయ్యింది.

గప్పుడు ఎవరో సైబర్ సెక్యూరిటీ నేర్చుకోమన్నరు. చిక్కడపల్లి గల్లీల సుబ్బారావు గారని ఒక పెద్దాయన ఉంటడు. కోస్తా నుంచి ఎన్నడో వచ్చి ఈడనే సెటిలైండు. బ్యాంకుల కంప్యూటర్లు చూసి రిటైరయిండు, ఇప్పుడు ఇంటి మీది రూంల క్లాసులు చెప్తడు. చేరిన. మొదటి రోజు ఐపీ అడ్రస్ అంటె ఏంది? రెండో రోజు వెబ్‌సైట్ పేరు ఎట్ల చదవాలె? నాకు ఒళ్లు మండింది. "సార్, హ్యాకింగ్ ఎప్పుడు చెప్తరు?" అని అడిగిన.

"గోడ కట్టడం తెలియనివాడికి కన్నం ఎక్కడ పడుతుందో ఎలా తెలుస్తుందమ్మా? ముందు బేసిక్స్ కానీ" అన్నడాయన.

బేసిక్స్ అంట! డిగ్రీ చదివినదాన్ని నేను. తలనొప్పని చెప్పి నాలుగు రోజులు క్లాసు ఎగ్గొట్టిన. నారాయణగూడల జ్యూస్ బండి కాడ నిలబడి హ్యాకింగ్ వీడియోలు చూసిన. మంచిగ అర్థమైనట్టే ఉండె.

ఒకనాడు సార్ చెప్పిండు: "నా స్నేహితుడి కంపెనీలో ఒక ట్రైనీ కావాలట. ఒక్క పేరే పంపగలను. సోమవారం లోపు తలా ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి." నా కొలువు, బాపు పెట్టిన గడువు, అన్ని ఆ ఒక్క పేరు మీదనే ఉన్నయి. మిగిలినోళ్లు ఏవో పటాలు గీస్తున్నరు. నేను మాత్రం పెద్దగ ఆలోచించిన. దొంగ మెసేజ్ పంపి, ఎంతమంది నమ్మి నొక్కుతరో లెక్క తీద్దామనుకున్న. పెద్ద కంపెనీలల్ల గూడ గిట్లనే టెస్టు పెడ్తరంట. వీడియోల చూసిన.

అశోక్‌నగర్‌ల ఎర కోసం దిమాక్ ఖరాబు చేసుకునే పనే లేదు. "రిజల్ట్ వచ్చింది" అంటె చాలు. ఫ్రీగ దొరికే సైట్ల ఒక పేజీ చేసిన. హాల్‌టికెట్ నంబర్ కొట్టి బటన్ నొక్కితె, "అక్కా, మోసపోయినవ్! జర చూసి నొక్కు" అని వస్తది. పక్కన పండ్లికిలిస్తున్న పసుపుపచ్చ బొమ్మ. నంబర్లు దాచలే, నొక్కినోళ్ల లెక్క మాత్రమే. గంత మాత్రం బుద్ధి ఉండె.

శనివారం పొద్దున పదింటికి మా ఫ్లోర్ వాట్సాప్ గ్రూపుల పెట్టిన. గ్రూపుల పదకొండు మందిమి. ఐదు నిమిషాలల్ల తొమ్మిది నొక్కుళ్లు! సంబరమైంది. నా రూమ్మేట్ మంజులక్క మాత్రం మంచం మీద బట్టలు మడతపెడ్తున్నది. అక్కకు ముప్పయి ఒకటి, ఐదేండ్ల సంది చదువుతున్నది.

"అక్కా, రిజల్ట్ వచ్చిందంట, చూస్తలేవా?" అన్న.

"లింకు పేరు చూసినవానే? సర్కారు సైట్ పేరు గట్ల ఉండదు. అసలు సైట్‌కు పోయి చూసిన, ఏం లేదు" అని ఇంకో చున్నీ మడిచింది.

నేను రిపోర్టుల రాసుకున్న: "ఒకరు నొక్కలేదు. కారణం: ఆసక్తి లేకపోవుట."

మళ్ల లెక్క చూస్తె ఇరవయ్యారు. అరె, ఉన్నది పదకొండు మందిమి గదా! ఇంకోసారి చూస్తె నూటా నలభై.

మా దిక్కు ఒక రివాజు ఉన్నది. రిజల్ట్ ముచ్చట తెలిస్తె, మన నంబర్ చూసుకునేకంటె ముందు పది గ్రూపులల్ల పెట్టాలె. "అందరికన్న ముందు పెట్టింది నేనే" అని చెప్పుకునుడు ఇజ్జత్ కా సవాల్. అంటె పంపుడు ముందు, నొక్కుడు తర్వాత. నొక్కినంక మోసపోయిన అని ఎవ్వరు చెప్తరు? సిగ్గుతోని అందరు గప్‌చుప్. నేను గీ సంగతి మర్చిపోయిన, నేనే ఎన్నోసార్లు గట్ల పంపినదాన్ని!

పేజీ తీసేద్దామంటె సైట్ల నా లాగిన్ ఓపెన్ అయితలేదు. గంత మంది మీద పడ్డరు. పరేషాన్ అయ్యి లాప్‌టాప్ సంకల పెట్టుకొని సార్ ఇంటికి ఉరికిన. రోడ్డంత ఫోన్లు పట్టుకొని నిలబడ్డోళ్లే. స్టడీ హాల్‌ల ఒకామె లేస్తె హాల్ హాలే లేసి బయటికొచ్చింది. జిరాక్స్ షాపు కాడ ఒకతను, "ఫైనల్ లిస్టంట అన్నా, కటాఫ్ గూడ పెట్టిండ్రంట!" అంటున్నడు.

నేను ఆగిపోయిన. కటాఫా? నా పేజీల కటాఫ్ లేదు గదా!

గప్పుడు నా దిమాక్ ఎట్ల పనిచేసిందో వినుండ్రి. నాది ఉత్త రిజల్ట్. వీళ్లనేది ఫైనల్ లిస్ట్, కటాఫ్‌తోని. అంటె అసలు రిజల్ట్ గూడ ఇయ్యాలనే వచ్చింది! సార్ ఇంటి మెట్లెక్కుతుంటె అమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. "బిడ్డా, ఫైనల్ లిస్ట్ వచ్చిందంట. జల్ది చూడు. బాపు పొలం కాడికి పోకుంట కూసున్నడు." కింద లింకు. ఎవరో దాని పొడుగు పేరు దాచి చిన్నగ చేసిండ్రు, నా లింకు తీరుగ లేనే లేదు.

సార్ తలుపు తీసిండు. "ఏమ్మా, ఆయాసపడుతున్నావు?"

"ఒక్క నిమిషం సార్" అన్న. కంప్యూటర్ల పోర్ట్ నంబర్లు సార్ పదిసార్లు చెప్పినా నాకు గుర్తుండయి. హాల్‌టికెట్ నంబర్ మాత్రం రెండేండ్లయినా కండ్లు మూసుకొని కొట్టిన. మనసుల దండం పెట్టుకొని బటన్ నొక్కిన.

"అక్కా, మోసపోయినవ్! జర చూసి నొక్కు." పండ్లికిలిస్తున్న పసుపుపచ్చ బొమ్మ.

సార్ అద్దాలు సర్దుకొని ఫోన్‌లకు తొంగిచూసిండు. "ఇది ఎవరు తయారు చేశారమ్మా?"

"నేనే సార్."

"మరి మోసపోయింది?"

"అది గూడ నేనే సార్."

సార్ తిట్టలే. కుర్చీ చూపించిండు. లాగిన్ ఓపెన్ అయ్యేదాక పక్కనే కూసోని పేజీ తీసేపిచ్చిండు. తర్వాత నా పేరుతోని తప్పైందని అన్ని గ్రూపులల్ల రాయించిండు. "పరీక్ష పెట్టే ముందు అనుమతి కాగితం మీద తీసుకోవాలి, ఎవరి మీద పెడుతున్నామో హద్దు గీసుకోవాలి. రెండో వారంలోనే చెప్పానే?" అన్నడు. రెండో వారంల నాకు తలనొప్పి గదా. గ్రూపులల్ల తిట్టినోళ్లు తిట్టిండ్రు, అవి దులిపేసుకున్న. ఒక పిల్ల మాత్రం, "అక్కా, ఐదు నిమిషాలు మా అమ్మ మస్తు సంబరపడ్డది" అని రాసింది. గది చదివి నిజంగ సిగ్గుతోని సచ్చిపోయిన. మా అమ్మకు గూడ నేనే ఫోన్ చేసి చెప్పిన.

సార్ నా రిపోర్టు తిప్పి తిప్పి చూసి, ఒక్క లైన్ కాడ ఆగిండు. "నొక్కని ఈ ఒక్కరు ఎవరమ్మా?"

"మా మంజులక్క సార్. ఆసక్తి లేక..."

"ఆసక్తి లేక కాదు. పేరు చదివింది, అసలు చోటికి వెళ్లి చూసింది. నేను మీకు నెల రోజులుగా చెబుతున్నది అదే. రేపు ఆ అమ్మాయిని తీసుకురా."

తీసుకపోయిన. నా చేతులతోని నేనే తీసుకపోయిన! గంటసేపు మాట్లాడి, సోమవారం మంజులక్క పేరు పంపిండు. "మిగతావి నేను నేర్పుతాను. అనుమానపడటం మాత్రం నేర్పలేను" అన్నడు. అక్కకు కొలువొచ్చింది. స్టాఫ్‌కు ఉత్తుత్తి దొంగ మెయిల్స్ పంపి, ఎవరు నొక్కుతరో చూసుడే అక్క పని. పర్మిషన్‌తోని! నేను బాపును ఇంకో మూడు నెలలు బతిమిలాడుకొని, కొత్త బ్యాచ్‌ల మొదటి బెంచీల కూసున్న.

ఇగ నిన్నటి ముచ్చట. అక్క గ్రూపుల పెట్టింది: "ఫస్ట్ సాలరీ పార్టీ! బిర్యానీ! ఒంటిగంట లోపు రావాలె. లొకేషన్ కోసం లింకు నొక్కండి."

చదవంగనే నవ్వొచ్చింది. ఆశ పెట్టుడు ఉన్నది, తొందర పెట్టుడు ఉన్నది, చిన్న లింకు ఉన్నది. సార్ చెప్పిన గుర్తులన్ని అచ్చు గుద్దినట్టు ఉన్నయి. నా మీదనే టెస్టా అక్కా? నొక్కలే. నొక్కకపోవుడే గాదు, "ఎవ్వరు నొక్కకుండ్రి, ఇది టెస్టు" అని కింద పెట్టిన. ఎవ్వరు వినలే. పాపం, చదువు రానోళ్లు అనుకున్న.

మూడింటికి అందరు సోంపు నములుకుంట వచ్చిండ్రు. అక్క చేతుల బిర్యానీ వాసన నాకు మంచం కాడికే వచ్చింది. "ఏమైందే, రాలేదు?" అన్నది.

సాయంత్రం క్లాసుల సార్‌కు చెప్పిన, మెచ్చుకుంటడేమో అని. ఆయన అద్దాలు తీసి తుడుసుకున్నడు. "నొక్కకపోవడం సగం పాఠమేనమ్మా. ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోవడం మిగతా సగం. అది చెప్పిన రోజు నీకు తలనొప్పి. రేపు మళ్లీ చెబుతాను, రా."