రాజన్నకు మొక్కిన జుట్టు

సిరిసిల్ల నేతవాడలో శంకరవ్వ ఇల్లెక్కడని అడిగితే ఏ శంకరవ్వ అంటారు. జడ శంకరవ్వ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇంటి దాకా వచ్చి చూపించిపోతారు. యాభై దాటినా మోకాళ్లను తాకే జుట్టు ఆమెది. భర్త లక్ష్మీరాజం పొద్దున్నే మరమగ్గాల సాంచాల మీదికి పోయాక, తాను కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చునే ముందు, నూనె రాసి, దువ్వి, కొప్పు చుట్టి, దాని మీద గుడ్డ బిగించి కట్టేది. నూలు తెగితే ముడేసుకోవచ్చు, వెంట్రుక తెగితే ఏం చేస్తామని ఆమె బాధ. లక్ష్మీరాజానికి ముప్పై ఏళ్లకే నెత్తి నున్నబడింది. ఇంట్లో నూనె వాడేది ఒక్క మనిషే అయినా సీసా నాలుగు రోజులు నిలిచేది కాదు. ఆ మాట అన్నందుకు ఆయన ఎన్నోసార్లు చల్లబడ్డ అన్నం తిన్నాడు.

అలాంటి మనిషికి ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. కరీంనగర్ ఆసుపత్రిలో పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. పక్కింటి లస్మవ్వ వచ్చి కూర్చుంది. లస్మవ్వకు తెలియని రోగం లేదు, వచ్చిన రోగమూ లేదు.

"మందెక్కిస్తరు. ఎక్కిచ్చినంక జుట్టంత కుచ్చులు కుచ్చులు ఊడిపోతది. ఫికర్ చెయ్యకు, పానం మిగిలితె సాలు" అని ధైర్యం చెప్పింది.

శంకరవ్వ గడ్డ కోసం ఎంత ఏడ్చిందో జుట్టు కోసం దానికి రెట్టింపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆలోచనలో పడింది. కూరగాయల బండి ముందు ఆమె బేరం మొదలుపెడితే బండివాడే దండం పెట్టేవాడు. ఎలాగూ పోయే జుట్టును ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి? వెంటనే లేచి, వేములవాడ రాజన్న పటం ముందు నిలబడి, లస్మవ్వకు కూడా వినపడేలా మొక్కింది.

"రాజన్నా, నా గడ్డ కరిగితె సాలు. నా నిండు జుట్టు నీకే ఇస్త."

లస్మవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. శంకరవ్వకు లోలోపల హాయిగా ఉంది. సోమవారం నాడు అంత జనంలో, ఎవరి జుట్టు మందుకు ఊడిందో, ఎవరిది మొక్కుకు పోయిందో రాజన్న కూర్చుని విచారించబోడని ఆమె నమ్మకం.

ఆసుపత్రిలో మమతారాణి అనే యువ డాక్టరు ఉంది. కొత్త మందు పరీక్ష ఒకటి నడుస్తోందనీ, ఇష్టమైతే చేరవచ్చనీ చెప్పింది.

"ఒక చెట్టు బెరడు నుంచి తీసిన మందే అమ్మా, కొత్తదేం కాదు. విడిగ ఎక్కిస్తే ఒళ్లంత తిరుగుతది, జుట్టు రాలగొడతది, నోరు పొక్కిస్తది. అందుకే దాన్ని సన్న సన్న గుళికల్ల దాచినం. అవి నెత్తురుల తేలుకుంట పోయి, గడ్డ కాడనే ఎక్కువ ఆగుతయి. అక్కడ పగిలి మందు వదులుతయి. జుట్టు రాలకపోవచ్చని మా ఆశ."

శంకరవ్వ ముఖం వెలిగిపోయింది. సంతకం పెట్టింది. సీసా తగిలించాక మాత్రం కళ్లు చిట్లించుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"బిడ్డా, గిండ్ల గుళికలేవి? నాకు ఉత్త నీళ్లెక్కిస్తున్నరా?"

"కనిపించవమ్మా. వరుసగ పేరిస్తే ఒక్క వెంట్రుక మందంల వెయ్యి దాంక పడతయి."

"ఎవరి వెంట్రుక? నాదేనా?" అంది శంకరవ్వ, అనుమానం తీరక. పక్కనే ఉన్న లక్ష్మీరాజం తన నెత్తి తడుముకుని కిటికీ వైపు తిరిగాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు వేములవాడలో ఆగింది. అప్పుడు తట్టింది ఆమెకు. జుట్టు ఊడకపోతే? ఊడని జుట్టును మొక్కినట్టు అవుతుంది కదా! కొంగు నెత్తి మీదికి లాక్కుని, గుడి వైపు కాక అటుపక్క చెప్పుల దుకాణం వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఆ స్టాండులో ఆమె చూపు చెప్పుల మీదే. ఇంట్లో రాజన్న పటాన్ని కూడా ఎండ తగులుతోందన్న సాకుతో పక్క గోడకు మార్చింది.

మందు ఎక్కుతూనే ఉంది. వాంతులు కొంచెం అయ్యాయి. కాళ్లు లాగాయి. జుట్టు మాత్రం ఎప్పటిలాగే దువ్వెనకు రెండు మూడు వెంట్రుకలకు మించి రాలేదు. ఒకరోజు స్కానింగు చూసి మమతారాణి కుర్చీలోంచి లేచి వచ్చి శంకరవ్వ చేతులు పట్టుకుంది. గడ్డ సగానికి తగ్గింది.

లక్ష్మీరాజం అక్కడే ఏడ్చేశాడు. శంకరవ్వ మాత్రం తెల్లబోయి కూర్చుంది. రాజన్న తన మాట నిలబెట్టుకుంటున్నాడు.

బస్సులో మొగుడి చెవిలో గొణిగింది. "ఇగో, నా బదులు నువ్వియ్యరాదు?"

"ఏమియ్యాలె? చెవుల మీద నాలుగున్నయి. గవి తీస్కపోయి ఇస్తె రాజన్న పరేషాన్ అయితడు."

"పోనీ, మూడు కత్తెర్లిస్త. ఆడోళ్లకు నడుస్తది."

"నిండు జుట్టని వాడంత ఇనేటట్టు ఒర్లినవ్ గదనే!"

ఆమెకు భయం పట్టుకుంది. మోసం తెలిసి రాజన్న మళ్లీ గడ్డను పెంచితే? అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది వేరే సంగతి. మొక్కిననాడు అది పోయిన జుట్టు. ఇప్పుడు నిజంగా తనది. తనది కానిదాన్ని అంత ధారాళంగా ఇచ్చి, తనదయ్యాక దాచుకోవడం ఆమెకే సిగ్గనిపించింది.

బస్సు వేములవాడలో ఆగగానే దిగింది. "ఏడికి?" అంటూ వెనకాలే దిగాడు లక్ష్మీరాజం.

గుడి దగ్గర తలనీలాలు తీసే మండపంలో మంగలి మెత్తగా అడిగాడు. "మూడు కత్తెర్లేనా అవ్వా?"

"నిండు గుండే. కొత్త బ్లేడెయ్యి" అని, మొదటి గీత పడగానే ఆ మండపం దద్దరిల్లేలా ఏడ్చింది. పక్క వరుసలో పుట్టువెంట్రుకలు తీయించుకుంటున్న పసివాడు ఆ ఏడుపు విని తన ఏడుపు ఆపేశాడు.

మళ్లీ మందు వంతు వచ్చింది. కొంగు తీసిన శంకరవ్వను చూసి మమతారాణి చేతిలోని పెన్ను కింద పడింది.

"మొత్తం పోయిందా? ఎప్పటి నుంచి రాలుతున్నదమ్మా?"

"మొన్న వేములవాడల బిడ్డా. దబదబ పోయినయి."

"వేములవాడలనా?"

లక్ష్మీరాజం కల్పించుకుని అసలు సంగతి చెప్పాడు. డాక్టరుకు ముందు కోపం వచ్చింది. "రక్తం తక్కువున్నప్పుడు నెత్తికి గాటు పడితే ఏంగావాలె? నన్నొక్క మాట అడగొద్దా?" అని గట్టిగా తిట్టింది. తిడుతూనే గాట్లున్నాయేమోనని ఆ నెత్తి తడిమింది. తడిమిన చేయి ఆగిపోయింది. నున్నగా ఉండాల్సిన నెత్తి గరుకుగా ఉంది. మందు దెబ్బ తిన్న జుట్టు అలా రాదు. వేళ్ల కింద తల నిండా మళ్లీ మొలుస్తోంది.

"గడ్డి మొలిచినట్టు మొలుస్తున్నదమ్మా!" అని డాక్టరు పెద్దగా నవ్వేసింది. అక్కడున్న నర్సులు వచ్చి తడిమి చూశారు. తర్వాత పాత మందు మీదున్న ఆడవాళ్లు, నెత్తికి రుమాళ్లు కట్టుకున్నవాళ్లు, ఒక్కొక్కరే సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చారు. గుండుతో ఎలా కనపడాలా అని దారంతా కుమిలిన శంకరవ్వ, పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుంది.

చివరగా బెల్లంపల్లి పోశవ్వ వచ్చింది. శంకరవ్వ కన్నా పెద్దది, సన్నగా చిక్కిపోయింది. అరచేయి నెత్తి మీద అటూ ఇటూ తిప్పింది.

"అవ్వో, గుచ్చుతున్నయి! ఏం మొక్కినవ్ చెల్లె, గింత మంచిగ ఇన్నడు దేవుడు?"

శంకరవ్వకు ఇక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "జుట్టు మొక్కిన అక్కా. ఎట్లనన్న ఊడేదే గదా అని మొక్కిన. దేవునికే టోపీ పెడదామనుకున్న."

పోశవ్వ చేయి ఆగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని శంకరవ్వ తలెత్తి చూసింది. పోశవ్వ నవ్వుతోంది.

"నేను గూడ గదే మొక్కిన! గూడెం గుట్ట మీది సత్తన్న దేవునికి. గుడికి పోయేటాలకే తలకింది మెత్త మీద రాలిపాయె."

"నేను కొండగట్టు అంజన్నకు" అంది కిటికీ పక్క మంచం మీది ఆమె. తలుపు దగ్గరున్న ఇంకొకామె నోరు పొక్కి మాట్లాడలేక చేయి మాత్రం ఎత్తింది. వార్డంతా నవ్వు. ఇంతమందీ ఎవరికి వారు, ఇంత తెలివి తమకొక్కరికే ఉందనుకున్నారు.

"మొలుస్తయక్కా. మొలిచినంక పోదాం. నేను గూడ తోడొస్త" అంది శంకరవ్వ కళ్లు తుడుచుకుంటూ.

పోశవ్వ నవ్వు మెల్లగా తగ్గింది. "గప్పటిదాంక ఉంటనంటవా?"

శంకరవ్వ పోశవ్వ చేయి పట్టుకుని, మళ్లీ తన నెత్తి మీదే పెట్టుకుంది.