అందరూ కళ్ళు మూసుకున్న ఫోటో

మా స్కూల్లో వెనకాల పాత గదిలో ఎవరో తిరుగుతున్నారని పిల్లలు భయపడితే, వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళి, విరిగిన బెంచీలు చూపించి తీసుకొచ్చేది నేనే. నేను లెక్కలు చెప్తాను. దెయ్యాల కథలంటే నాకు నవ్వొచ్చేది. ఎవరైనా ఇలాంటి అనుభవం రాస్తే, పనిలేక రాశారనుకునేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

మాది తిరువూరు. నాన్న రిటైరైన టీచరు. మా నాయనమ్మకు ఒక విచిత్రమైన అలవాటుంది. ఎవరు ఫోటో తీసినా సరిగ్గా ఆ క్షణంలో కళ్ళు మూసుకుంటుంది. కావాలని కాదు, పాపం తన ప్రయత్నం తను చేస్తుంది. అమ్మానాన్నల పెళ్ళి ఫోటోలో కళ్ళు మూసుకునే ఉంది. నన్ను ఎత్తుకున్న ఫోటోలోనూ అంతే. ఆధార్ కార్డు తీసేటప్పుడు ఆ అబ్బాయికి చెమటలు పట్టాయి.

మా చర్చి వాళ్ళలో ఎవరైనా పోతే వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతారు. పెద్ద ఫోటో వేసి, కింద 'ప్రభువునందు నిద్రించారు' అని రాయిస్తారు. దాని మీదే మా బాబాయి నాయనమ్మను ఏడిపించేవాడు.

"అమ్మా, నీకైతే ఏ ఫోటో వేసినా సరిపోద్దిలే. అన్నిట్లోనూ నిద్రపోతానే ఉన్నావు."

నాయనమ్మ ఏమన్నా తక్కువ తిందా? "కళ్ళు తెరిచిన ఫోటో ఒకటి పడేదాకా నేను పోన్రా. మీ ఫ్లెక్సీ కోసం కూర్చోండి" అనేది.

ఆమెకు గుండె జబ్బు బయటపడ్డాక కూడా, ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే ఆ మాట అనేసేది. అందరం నవ్వేవాళ్ళం. నాకు మాత్రం ఆ నవ్వు వెనక గుబులుగా ఉండేది. నన్ను పెంచింది ఆమే. ఆమె కళ్ళు కనపడే ఫోటో ఒక్కటైనా నా దగ్గర ఉండాలని నా ఆశ.

ప్రవీణ్‌తో నా పెళ్ళి కుదిరాక ఫోటోలు ఫిల్ము కెమెరాతో తీయించుకుంటానని పట్టుబట్టాను. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో వేలకొద్దీ ఫోటోలు తీసి పెన్ డ్రైవులో పడేశారు. ఇప్పటిదాకా దాన్ని తెరిచి చూసినవాళ్ళు లేరు. అదీకాక, ఫ్లాషూ హడావిడీ లేని పాత కెమెరా అయితే నాయనమ్మకు తెలియకుండా తీయొచ్చని నా ఎత్తు.

నాన్నకు నచ్చలేదు. "ఫోన్లో అయితే ఇరవై తీస్తే ఒకటన్నా కుదురుద్ది. ఇందులో కళ్ళు మూసుకుందని తెలిసేలోపు పెళ్ళే అయిపోద్ది కదమ్మా" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ నేను వినలేదు.

కెమెరా కిరణ్‌ది. కిరణ్ మా చర్చిలోనే పెరిగిన కుర్రాడు, నన్ను అక్కా అంటాడు. ఊళ్ళో స్టూడియో ఉంది. సరదా కొద్దీ ఒక పాత ఫిల్ము కెమెరా కొని బాగుచేయించుకున్నాడు. రీలుకు ముప్ఫై ఆరు ఫోటోలు. ఒక్కోటి తీశాక బొటనవేలితో మీట తిప్పితేనే తర్వాతి దానికి ఫిల్ము జరుగుతుంది. తిప్పకుండా ఎంత నొక్కినా పడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను ఎక్కువ తల బద్దలుకొట్టుకున్నది దీని దగ్గరే.

పెళ్ళి పగలే, మా చర్చిలో. నాయనమ్మను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఉంగరాలు మార్చుకున్నాం. తర్వాత నేనూ ప్రవీణూ మోకాళ్ళూనాం, పాస్టరు గారు ఆశీర్వాద ప్రార్థన మొదలుపెట్టారు.

మామూలుగా పెళ్ళి ఫోటోగ్రాఫర్లు ప్రార్థనలో కూడా టకటకా తీస్తూనే ఉంటారు. కిరణ్ తీయడు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ప్రార్థనప్పుడు కళ్ళు తెరిస్తే టీచరమ్మ చెవి మెలేసేది, ఆ భయం వాడికింకా పోలేదు. కెమెరా మెడకు వదిలేసి, చేతులు కట్టుకుని, అందరితోపాటు కళ్ళు మూసుకున్నాడు. ఇది వాడు తర్వాత చెప్పిన మాట. నేనూ కళ్ళు మూసుకునే ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పలేను. ఆ మాటకొస్తే ఆ చర్చిలో ఎవరూ చెప్పలేరు.

పెళ్ళయ్యాక నేను రెడ్డిగూడెం, అత్తగారింటికి వెళ్ళిపోయాను. రీళ్ళు హైదరాబాదు వెళ్ళి, కడిగి ప్రింట్లు వేసి రావడానికి చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం కిరణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక్కసారి స్టూడియోకి రా. ఇంటికి తీసుకురాలేను."

ప్రవీణూ నేనూ బండి మీద వెళ్ళాం. కిరణ్ కూర్చోడు, నిలబడడు. కుర్చీలు మాకు వేసి తను గదంతా తిరుగుతున్నాడు. కవరులోంచి ఒకే ఒక్క ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోటో వేదిక మీద నుంచి జనం వైపుకి తీసి ఉంది. ఇటు పక్కగా పాస్టరు గారి వీపు, చాచిన చేతులు. వాటి కింద మోకాళ్ళ మీద మేమిద్దరం. మా వెనక చర్చి నిండా జనం. అందరివీ వంచిన తలలు, మూసిన కళ్ళు. మా నాన్న, అమ్మ, బాబాయి, అందరూ. మధ్య దారి పక్కన కిరణ్ ఉన్నాడు. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని. వాడి గుండెల మీద కెమెరా వేలాడుతోంది. ఈ ఫోటో ఉన్న రీలు ఆ కెమెరాలోనిదే.

ముందు వరసలో నాయనమ్మ ఒక్కతే తలెత్తి ఉంది. కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి. నేరుగా చూస్తోంది, తెలిసిన మనిషిని చూసినట్టు నవ్వుతోంది. ఆమె కళ్ళు అంత అందంగా ఉంటాయని అప్పటిదాకా ఏ ఫోటోలోనూ చూడలేదు. ఏడుపొచ్చేసింది. భయమో సంతోషమో నాకే తెలియలేదు.

వేరే రీలు కలిసిపోయిందేమో అన్నాను. కిరణ్ నెగెటివ్ పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. ముందు ఉంగరాలు, తర్వాత రిజిస్టరులో సంతకాలు, మధ్యలో ఇది. ఎక్కడా కోత లేదు. మధ్యలో ఇది పడాలంటే మీట ఇంకోసారి తిప్పి ఉండాలి, వాడు తిప్పలేదు. వాడు మెడలోంచి కెమెరా తీయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికైనా ఇచ్చాడనుకున్నా, అదే ఫోటోలో వాడి మెడలోకి అది ఎలా వస్తుంది? వీడియో తెప్పించి చూశాం. వీడియో అతను కెమెరాను స్టాండు మీద వేదిక వైపు పెట్టి ఉంచాడు. ప్రార్థన మొదలుకొని ఆమెన్ దాకా, పాస్టరు గారి వెనక, ఫోటో తీసినవాళ్ళు నిలబడాల్సిన చోట, ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు.

ప్రవీణ్ నా భుజం మీద చెయ్యి వేసి, "మీ నాయనమ్మకు ఇది చూపిస్తే ఎంత సంతోషిస్తుందో" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆమె ఎప్పుడూ అనే మాట. కళ్ళు తెరిచిన ఫోటో పడేదాకా పోను. ఇప్పుడు పడింది.

ఆ ప్రింటూ నెగెటివూ నేనే తీసుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాను. కిరణ్ ఆ మాట కోసమే చూస్తున్నట్టు గబగబా ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. తిరువూరు నుంచి ఫోన్ మోగితే చేతిలో సుద్దముక్క జారిపోయేది. పొద్దున లేవగానే అమ్మకు ఫోన్, మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఫోన్. "నాయనమ్మ తిన్నదా, మాత్ర వేసుకున్నదా, పడుకుంటే ఒకసారి కదిలించి చూడు" అని ప్రాణం తీసేదాన్ని. అమ్మ విసుక్కునేది. హాయిగా పడుకున్న మనిషిని లేపమంటావేంటే అని తిట్టేది. బీరువాలో చీరల కింద దాచిన ఆ కవరును కాల్చేద్దామని రెండుసార్లు బయటికి తీశాను. ఆ కళ్ళు చూసి మళ్ళీ పెట్టేశాను. కాలిస్తే ఏమవుతుందో అని ఇంకో భయం. లెక్కల టీచరునై ఉండి ఇలా అయిపోయానేంటని నా మీద నాకే కోపం వచ్చేది.

మొన్న ఆదివారం పుట్టింటికి వెళ్ళాను. నాయనమ్మ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మిగతా పెళ్ళి ఫోటోల ఆల్బమ్ ఎప్పుడో చూసేసింది, అన్నిట్లోనూ కళ్ళు మూసుకుని ఉందని నవ్వుకుంది కూడా. నేను పక్కన కూర్చోగానే గింజ తీస్తూనే అడిగింది.

"నేను కళ్ళు తెరిచిన ఫోటో ఏదమ్మాయ్? అది ఇయ్యలేదే నాకు."

కిరణ్ చెప్పలేదు, ప్రవీణ్ చెప్పలేదు. తర్వాత ఇద్దరినీ ఒట్టు పెట్టించి మరీ అడిగాను. అబద్ధం ఆడాను.

"అట్టాంటిది ఏదీ లేదు నాయనమ్మా. కొన్ని ఫోటోలు పాడైపోయినాయి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. చింతపండు అంటిన చేతిని పక్కకు పెట్టి, మోచేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది.

"సరేలేవే, తొందరేముంది? నువ్వు ఇచ్చినప్పుడే తీసుకుంటా" అంది.

ఆ ప్రార్థనలో ఆమె ఎవరిని చూసి నవ్విందో నేను అడగలేదు. అడిగితే చెప్తుందేమోనని భయం. ఆ ఫోటో ఎలా పడిందో, దాని సంగతి ఆమెకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కవరు నా దగ్గరే ఉంది. నేను ఇవ్వను.