ముప్పై ఏళ్లు అప్పజెప్పించిన మాట

నంద్యాల వేరే జిల్లా అయిన ఏడాది, నన్ను ఆళ్లగడ్డ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలుకు బదిలీ చేశారు. నేను ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును, అంటే పై తరగతులకు ఆ ఒక్క సబ్జెక్టే చెప్పేవాణ్ణి. రిటైర్మెంటుకు రెండేళ్లుంది.

మా వృత్తిలో ఒక అలవాటుంది. మండల విద్యాధికారి తనిఖీకి వచ్చి వెనక బెంచీలో కూర్చోగానే, చురుకైన పిల్లనో పిల్లాణ్ణో లేపి పొడవాటి ఇంగ్లీషు మాట చెప్పిస్తాం. నాది ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’. ముక్కలు చేసి, బల్ల మీద తాళం కొట్టి నేర్పేవాణ్ణి. అధికారి తలాడించి, పాఠ్య ప్రణాళిక మీద సంతకం పెట్టి వెళ్లేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కరూ అర్థం అడగలేదు.

సునీత అడిగింది. తొమ్మిదో తరగతి, దొర్నిపాడు నుంచి బస్సులో వచ్చేది. అది యాడ పుట్టింది, అంత పెద్ద మాట ఎవరికి అవసరమైంది అని. నాకు తెలియదు. క్లాసంతా నావైపే చూస్తోంది. మొదట్లో ‘యాంటీ’ ఉంది కదా అని, ప్రభుత్వాన్ని ఎదిరించిన విప్లవకారుల మాట అని దబాయించేశాను. ఆమె నోట్సులో రాసుకుంది.

నెల తర్వాత నంద్యాలలో జిల్లా వక్తృత్వ పోటీ. గెలిస్తే రాష్ట్రస్థాయికి పంపుతారు. సునీత గెలవాలని పట్టుబట్టి, నాకు చెప్పకుండా ఆ మాట కథనే అంశంగా ఎంచుకుంది. చక్కగా మాట్లాడింది. అయిపోయాక న్యాయనిర్ణేత ఒకాయన మెత్తగానే సరిదిద్దాడు. హాలులో కొందరు నవ్వారు. బహుమతి రాలేదు. తిరుగు బస్సులో ఆమె నాకు దూరంగా ముందు సీట్లో కూర్చుంది.

ఆయన చెప్పింది ఇది. ఇంగ్లండులో చర్చికి రాజ్యం అండ ఉంది, దాని పేరే ‘ఎస్టాబ్లిష్‌మెంట్’. అది తీసేయాలన్నవాళ్ల వల్ల ‘డిస్’ చేరింది. తీయకూడదని అడ్డుపడినవాళ్లతో ‘యాంటీ’ వచ్చింది. రెండు ‘వద్దు’లు కలిసి, ఉన్నదాన్ని ఉండనిమ్మనే వాదమైంది. నేను చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. పైగా ఆ గొడవలో ఆ మాట వాడినవాళ్లు అరుదట. పొడుగు చూపించడానికే అది ఎక్కువగా బతికిందట, నా క్లాసులో లాగే.

మర్నాడు తప్పు నాదేనని క్లాసు ముందు ఒప్పుకున్నాను. చాలా సిగ్గేసింది. సునీత లేచి నిలబడింది.

“తెలీదని ఆ పొద్దే చెప్పింటే, నేనే వెతుక్కుంటాంటి గదా సార్.”

మిగిలిన రెండేళ్లలో తనిఖీకి ఎవరొచ్చినా పిల్లల చేత ఆ మాట చెప్పించలేదు. తెలియదని చెప్పడానికి మాస్టరు చేసే ఆలస్యమంతా పిల్లల చదువులోంచే పోతుంది.