పదకొండు సెకన్ల ఏడుపు

ఆమె రెండు చేతులూ మణికట్ల దాకా మైదాపిండిలో ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ పోసి జారుగా కలిపిన పిండి. పళ్ళేనికి జానెడు దూరంలో మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. గుప్పిట బిగించి నెమ్మదిగా విప్పితే ఒక చప్పుడు వచ్చింది. నచ్చలేదు. మళ్ళీ బిగించింది.

ఎదురుగా తెర మీద నీలం రంగు పాప ఒకటి జెల్లీలో నడుం దాకా కూరుకుపోయి ఉంది. ఆ పాపకు కాళ్ళు లేవు. గీయడానికి టైము చాలక వదిలేశారు. కాళ్ళు లేని పాప జెల్లీలోంచి ఊడి వస్తే ఎలాంటి చప్పుడవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఏం పెట్టినా చెల్లుతుంది. అయినా ఆమె ఐదోసారి చేసి, అప్పుడు గాని చేతులు కడుక్కోలేదు.

ఆఫీసులో అందరూ ఆమెను సౌండక్క అంటారు. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. పదేళ్ళకే టంకం పెట్టడం నేర్చింది. తర్వాత ఒక నాటక కంపెనీలో తెర వెనక కూర్చుని జల్లెడలో బఠాణీలు తిప్పి వాన కురిపించింది, రేకు ఊపి ఉరుములు ఉరిమించింది. ఆ వానకు ముందు వరసలో వాళ్ళు తల మీద చెయ్యి పెట్టుకునేవాళ్ళు. కంపెనీ మూతపడ్డాక తిరగని చోటు లేదు. చివరికి ఇక్కడ తేలింది.

ఇక్కడ అంటే టైర్ల కొట్టు మీద రెండు గదులు. చిన్నపిల్లలు ఫోన్లలో చూసే వీడియోలు చేస్తారు. కథలు రాసేవాళ్ళెవరూ లేరు. గోడ మీద మూడు గళ్ళ కాగితం ఒకటి అంటించి ఉంటుంది: ఎవరు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎవరు తీశారు. పొద్దున్నే ఒక్కో గడిలోంచి ఒక్కో మాట ఏరి ముడిపెడితే మధ్యాహ్నానికి వీడియో తయారు. ట్రాక్టరు ఫ్రిజ్‌లో ఇరుక్కుంటుంది, సాలీడు లాగుతుంది. పాప సబ్బు డబ్బాలో ఇరుక్కుంటుంది, డాక్టరు సూది పొడిచి తీస్తాడు. రోజుకు ముప్ఫై. ఏం జరిగినా జరగకపోయినా ఎనిమిదో సెకనుకు ఎవరో ఒకరు ఏడవాలి. ఏడుపు వినిపిస్తే చూసే పిల్ల తల తిప్పదని ఓనరు నమ్మకం.

"మన ఆఫీసులో టైముకి వచ్చేది ఆ ఏడుపొక్కటే," అనేవాడు బొమ్మలాయన. ఆమె పక్క బల్ల దగ్గర బొమ్మలు కదిలించే మనిషి, యాభై దాటినవాడు. వీడియోకు 'పాప డాక్టరు ఐస్‌క్రీము సూది రంగులు' అని పేరు పెడితే, "ఇది పేరా, కిరాణా చీటీయా?" అని ముక్కు చిట్లించేవాడు.

ఆమె దగ్గర ఏడుపులు తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది ఎక్కడెక్కడివో. నాలుగోది ఆమె కూతురిది.

అది ఆరేళ్ళ కిందటి మాట. పాపకు అప్పుడు పదిహేను నెలలు. ముందురోజు తొడకు టీకా వేశారు. ఇంట్లో చూసేవాళ్ళు లేక ఆఫీసుకు తెచ్చి, మైకు గదిలో మూలన దుప్పటి వేసి పడుకోబెట్టింది. తను వీడియోలకు అడుగుల చప్పుళ్ళు రికార్డు చేస్తోంది. పాప నిద్రలో దొర్లింది, సూది వేసిన కాలు గోడకు తగిలింది. ఏడుపు ఎత్తుకుంది. ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది. పాప దగ్గరికి కాదు, మీటల మీదికి. గొంతు బద్దలు కాకుండా మైకు సౌండు ఒక గీత తగ్గించింది. చుట్టూ చీమ చిటుక్కుమనలేదు. అంత శుభ్రమైన ఏడుపు మళ్ళీ దొరకదని చెవి చెప్పింది. పదకొండు సెకన్లు. అప్పుడు వెళ్ళి ఎత్తుకుంది.

ఆ ఏడుపు పదకొండు వేల వీడియోల్లోకి ఎక్కింది. నీలం పాప, పచ్చ పాప, ట్రాక్టరు, అరటిపండు, అందరూ దాంతోనే ఏడ్చారు.

ఈ నెలతో ఆఫీసు మూస్తున్నారు. బొమ్మలూ చప్పుళ్ళూ మొత్తం ఒక పెద్ద కంపెనీ కొనేసింది. వాటిని యంత్రానికి నేర్పిస్తారట. ఇక మనుషులు లేకుండా అదే వీడియోలు చేసుకుంటుంది. సౌండక్క ఆఖరి పని, ఉన్న చప్పుళ్ళన్నీ శుభ్రం చేసి, నంబర్లు వేసి అప్పగించడం.

ఆ పనిలో ఉండగానే ఒక సాయంత్రం కూతురిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎదురు బెంచీ మీద రెండేళ్ళ పిల్లాడు ఫోను పట్టుకుని ఉన్నాడు. ఫోనులో నాలుగో ఏడుపు మోగింది. కూతురు తన వేలు పట్టుకునే కూర్చుని ఉన్నా, ఆమె గభాలున లేచి నిలబడింది. పిల్లాడు కిలకిలా నవ్వాడు. వేలితో వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ నవ్వాడు.

"అమ్మా, ఆ పాప ఎందుకేడుస్తోంది?" అంది కూతురు.

"సూది వేశారు."

"వాళ్ళమ్మ ఎత్తుకోలేదా?"

"ఎత్తుకుంది."

"ఎప్పుడు?"

"తర్వాత."

"తర్వాతంటే?"

ఈలోగా లోపలికి పిలిచారు.

మర్నాడు ఓనరు గదికి వెళ్ళింది. "సార్, నాలుగో ఏడుపు ఇవ్వను."

ఆమెకంటే ఆయన ఎనిమిదేళ్ళు చిన్న. అక్కా అంటూనే అన్ని పనులూ చేయించుకుంటాడు. "అదేంటక్కా, వాళ్ళు వినీ వినగానే అడిగింది దాన్నే గదా. పట్టీలో రాసుకున్నారు కూడా."

"అది నా కూతురు."

"గొంతే గదక్కా. అందులో పేరుందా, ఊరుందా?" ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకూ తేలికగా ఉండేది. "సరే, నువ్వు బాధపడితే నాకూ బాగోదు. దాని బదులు అట్లాంటిదే ఇంకోటి పెట్టు. వాళ్ళకు తేడా తెలియకపోతే నాకూ తెలియదు. మీ పక్కింట్లో పసిదుంది గదా?"

ఆమె ఆయన గదిలోంచి వచ్చేసింది. పక్కింటి వైపు పోలేదు. మైకు గది తలుపు వేసుకుంది.

నలభై మూడేళ్ళ గొంతులోంచి పదిహేను నెలల ఏడుపు రాదు. నెమ్మదిగా ఏడ్చి వేగం పెంచితే గొంతు సన్నబడింది గానీ, ఊపిరి ఎలుక పరుగెత్తినట్టయింది. అందుకని ఊపిరి వేరే తీసింది, సన్నటి గొట్టంలోంచి పీల్చి. వణుకు కోసం గొంతు మీద రెండు వేళ్ళతో తట్టుకుంది. ముక్కు ఒక పక్క మూసుకుని చూసింది. పోల్చుకోవడానికి అసలుదాన్ని వినాలి. మూడు రోజులు పొద్దస్తమానం అదే విన్నది, ముక్కలు ముక్కలుగా కోసి, సాగదీసి.

రెండోరోజు ఒకటి పట్టుకుంది. తొమ్మిదో సెకనులో ఏడుపు టక్కున ఆగుతుంది, రెప్పపాటు. ఊపిరి కోసం కాదు, ఊపిరి అప్పటికే తీసుకుంది. అక్కడ పాప తనను చూసింది. అమ్మ వస్తోందనుకుని ఆపింది. అమ్మ రాలేదు. మళ్ళీ అందుకుంది, ఈసారి అంతకు రెండింతలు. ఆరేళ్ళుగా ఓనరు మెచ్చుకున్నదీ, పిల్లలు తల తిప్పకుండా చూసిందీ, కొన్నవాళ్ళు ఏరి అడిగిందీ ఆ చోటే.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మళ్ళీ పెట్టుకుంది. ఆ ఆగడం లేకపోతే జత కుదరదు. దాన్ని కూడా చేసింది. అది ఎలా చెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

మూడోరోజు బొమ్మలాయనను పిలిచింది. "రెండున్నాయి. ఏది పిల్లదో చెప్పు."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "మొదటిది. రెండోది ఎవరో చేసినట్టుంది."

"ఎందుకట్లా?"

"మధ్యలో ఆగుతుంది చూడు, కావాలని పెట్టినట్టుంది. పసిపిల్లకు అన్ని లెక్కలు ఎక్కడొస్తాయి?" కళ్ళు తెరిచాడు. ఆమె మొహం చూసి, "రెండోదేనా పిల్లది?" అన్నాడు.

ఆమె తలూపింది. ఆయన కుర్చీ పక్కకు లాక్కుని కూర్చున్నాడు. "నేను పదేళ్ళలో గీసిన పిల్లలకు ఒక్కళ్ళకీ కనురెప్పలు వాల్చలేదు," అన్నాడు. "టైము పడుతుందని."

"బయటికి పోయిన వీడియోలు వెనక్కి తీసుకురాలేం గదా," అంది ఆమె.

"పదకొండు వేలు. ఎక్కణ్ణుంచి తెస్తావు?"

ఆమె అసలు నాలుగోదాన్ని మిషన్లోంచి తుడిచేసింది. కాపీ ఇంటికి తీసుకెళ్ళాలా అని ఆలోచించింది. ఇంట్లో దాన్ని ఎవరికి వినిపిస్తుంది? వద్దనుకుంది. ఆ నంబరు మీద తను చేసినదాన్ని పెట్టింది.

అప్పగింత రోజు కొన్నవాళ్ళ మనిషి పట్టీ పట్టుకుని వచ్చాడు. తడి బూట్లు వెయ్యిన్నొక్కటి, తలుపు కిర్రు వెయ్యిన్రెండు. పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఏడుపుల దగ్గర ఆగి నాలుగోది పెట్టమన్నాడు. గదిలో పిల్ల ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. ఆ మనిషి టిక్కు పెట్టి తరవాతి పేజీ తిప్పాడు.

ఓనరు ఆమెను గుమ్మం పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నువ్వే ఏడ్చి చేశావని బొమ్మలాయన చెప్పాడు. పాతదాని కంటే బాగుందక్కా, నిజంగా. ఈ పని అప్పట్లోనే వచ్చుంటే పాపను ఏడవనిచ్చే అవసరమే ఉండేది కాదు గదా."

"అప్పుడూ వచ్చు సార్," అంది ఆమె.

ఆయన ఇంకేదో అడగబోయాడు. లోపల్నుంచి ఆ మనిషి, "అన్నీ ఉన్నాయి, సంతకం పెడతారా?" అని కేకేశాడు. ఆమె వెళ్ళి పట్టీ చివర సంతకం పెట్టింది. చప్పుళ్ళన్నీ ఎక్కించిన డిస్కు వైరు ఊడదీసి, చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి, రెండూ కలిపి అతని చేతికిచ్చింది.