సవతి బిళ్ల

మా అమ్మమ్మ వాళ్ల నాన్న పత్రికలో వారం వారం ఒక శీర్షిక రాసేవాడు. మూఢాచారాలంటే నిప్పులు కక్కేవాడు. ఆయన కలానికి జడిసి పురోహితులు వాళ్ల వీధిలోకి రావడమే మానేశారని అమ్మమ్మ గొప్పలు పోయేది. ఆయనకి పెళ్లిళ్లు మూడు. మొదటావిడ పురిట్లో, రెండో ఆవిడ జ్వరంతో పోయారు. మూడో పెళ్లి అచ్చిరాదని అప్పట్లో మగవాడికి ముందు జిల్లేడు మొక్కతో పెళ్లి చేసి, ఆ గండమేదో మొక్క నెత్తిన వేసేవాళ్లు. దాన్ని పత్రికలో ఉతికి ఆరేసిన మనిషే, తన వంతు వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా వెళ్లి జిల్లేడుకి తాళి కట్టి వచ్చాడు. అక్కడితో ఊరుకున్నాడా? పోయిన ఇద్దరి పేరా రెండు బంగారు బిళ్లలు చేయించి, కొత్త పెళ్లాం మెడలో తనే వేశాడు. సవతులు శాంతిస్తారట!

"వేస్తుంటే ఆయన చేతులు వణికాయటే," అని నవ్వేది అమ్మమ్మ. ఆ మూడో ఆవిడే వాళ్లమ్మ.

సింగపూర్‌లో ఉండే, భార్య పోయిన మనిషిని నేను చేసుకుంటున్నానని తెలిసి, అమ్మమ్మ ఆ బిళ్లల్లో ఒకటి నాకు పంపింది.

"ఇది ఈయన మొదటి భార్యది కాదుగా అమ్మమ్మా?"

"ఎవరిదైతేనేమే, సవతి సవతే. నోరు మూసుకుని వేసుకో."

నల్లపూసలకి వేసుకుంటే మా ఆయన నవ్వాడు. "బ్యాంకులో ఏఐ మీద పనిచేసేవాడి పెళ్లానివి. ఏంటీ చాదస్తం?"

పాసిర్ రిస్ పేటలోని మా ఫ్లాట్‌లో ఆయన మొదటి భార్య ఫొటో ఒక్కటీ లేదు. అన్నీ తీసేశానన్నాడు. హాల్లో గోడకి మేకులు మాత్రం ఉండిపోయాయి. వాటి కింద కూర్చుంటే ఎవరో నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఆవిడ పేరు ఆయన నోట ఒక్కసారీ వినలేదు. ఈ ఇల్లు నాదో, నేను ఆవిడింటికి వచ్చిన చుట్టాన్నో తెలియక చచ్చేదాన్ని.

ఒక ఆదివారం హాకర్ సెంటర్‌లో, అదే తిండి దుకాణాల దగ్గర, నేను టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే పట్టి ఉంచి కూర్చుంటే, ఆయన నాకు తే కొసొంగ్, పంచదార లేని టీ, తెచ్చిపెట్టాడు. పంచదార లేనిదే నేను టీ ముట్టను.

"ఇదెవరికి?" అన్నాను.

కప్పు వంక చూసి, ఇంకోటి తేవడానికి లేచాడు. ఆవిడ తాగే టీ అన్నమాట! ఒళ్లు మండింది నాకు. ఇంటికి రాగానే బిళ్ల పీకి పోపుల డబ్బాలో పడేశాను. ఉండనీ ఆవాల్లో!

మర్నాడు కాఫీ ఇస్తుంటే నా మెడ వంక చూశాడు. "బిళ్లేది?"

"తీసేశాను. చాదస్తమన్నది మీరేగా."

ఆయన ముఖం పాలిపోయింది. బీరువా, సొరుగులు, నా హ్యాండ్‌బ్యాగు అన్నీ తిరగేశాడు. భయమేసి పోపుల డబ్బా చూపించాను. బిళ్లని కుళాయి కింద కడిగి నల్లపూసల గొలుసుకి ఎక్కించాడు. కొక్కెం పడలేదు. వేళ్లు వణుకుతున్నాయి. నేను పెట్టుకుంటాలెండి అన్నా వదల్లేదు.

చివరికి నా మెడలో వేసి, బిళ్లని గుప్పిట్లో పట్టుకుని, మా పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ పేరు పలికాడు.

"ఈ పిల్లనేం చేయకే," అన్నాడు.

ఆవిడ ఏమంటుందోనని ఇద్దరం అలాగే వింటూ నిలబడ్డాం.