లోహాన్ని పలకరించే మనిషి

ఆ రోజు నేను మైక్రోస్కోపు లెన్సు మార్చి, మార్చినట్టు చెప్పలేదు. మరిచిపోయానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అది అసూయ.

ఎనభైలలో తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నేనూ, లోహాన్ని పలకరించే ఆ మనిషీ ఒకే హోదాలో పనిచేసేవాళ్లం. ఆయన రోజూ వికారాబాదు నుంచి రైల్లో వచ్చేవాడు. యంత్రాలకు కొన్న బోల్టులు ఎంత గట్టివో తేల్చడం మా పని. బోల్టుల నుంచి కోసిన చిన్న ముక్కల మీద సన్నటి గీతలు గీసి, మెషీన్లో లాగకముందు ఒకటి, లాగిన తర్వాత ఒకటి, మైక్రోస్కోపు కింద నేను ఫోటోలు తీసేవాణ్ణి. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, గీతల మధ్య దూరం ఎంత పెరిగిందో ఆయన కొలిచేవాడు. కొలిచే ముందు ముక్కను చేతిలోకి తీసుకుని, "ఏడ నొస్తున్నది బిడ్డా?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ మాట వినడానికే ఇంజనీరు మా గదికి వచ్చి చాయ్ తాగేవాడు. నాతో ఎవరికీ మాట ఉండేది కాదు.

ఆ రోజు రెండో ఫోటో, ఇంకా పెద్దది చేసి చూపే లెన్సుతో తీసిచ్చాను. గీతల మధ్య దూరం ఉన్నదానికన్నా ఎక్కువ కనబడింది. కొత్త బోల్టులు పనికిరావని ఆయన లెక్క తేల్చాడు.

"గింత సాగితే ఎప్పుడో తెగిపోవా? నీ బిడ్డ మస్తు అబద్ధాలు నేర్చింది భాయ్! రేపటి నుంచి కొలతలు ఇంకొకరికి ఇస్త," అన్నాడు ఇంజనీరు తన గదిలో, అందరి ముందర. అందరూ నవ్వారు.

ఆయన నా దగ్గరికి వచ్చి, "జర నువ్వు చూడు తమ్మీ. నా కండ్లు పోయినట్టున్నయి," అన్నాడు.

నేను లేచి ఇంజనీరు గదికి పోయాను. నవ్వినవాళ్లంతా ఉండగానే, లెన్సు మార్చింది నేనేనని చెప్పాను. ఫోటోలు తీసే పని కూడా ఆయనకే ఇమ్మని అడిగి, ముక్కలను నునుపుచేసే పనికి మారాను. అసూయ చావలేదు. అయినా ఆయన పక్క బల్ల మీదే కూర్చున్నాను.